చాలు మీట

మంచు కాలం, 17వ రోజు

ఈ రోజు ఒక పని చేశాను. కేంద్రం రికార్డులో రాయడానికి చెయ్యి రాలేదు. అందుకని ఈ సొంత పుస్తకం తీశాను.

పొద్దున ఎప్పటిలాగే రోబోలని బయట ఎండలో వరసగా కూర్చోబెట్టాను. ఈ కొండ మీద తేమకి వాటి మెడలు బిగుసుకుపోతాయి. ఒక్కోదాని మెడా, మోచేతులూ పొడిగుడ్డతో తుడిచి, గంటసేపు ఆరబెట్టాకే లోపలికి తీసుకెళ్తాను. ఆరు మెట్లుగా చెక్కిన ఈ కొండ ఊళ్ళో మూడో మెట్టు మీది మా కేంద్రంలో ఆటిజం ఉన్న పిల్లలు ఆరుగురు, రోబోలు ఆరు. మోకాలెత్తు ఉంటాయి. గుండ్రటి మొహం, కళ్ళ చోట రెండు దీపాలు, పొట్ట మీద మూడు మీటలు. పచ్చది ‘ఇంకా’. పసుపుది ‘సాయం’. నీలంది ‘చాలు’.

పిల్లలు చాలు నొక్కితే రోబో ఆ క్షణమే ఆగిపోతుంది. దీపాలు తగ్గించుకుని, పక్కకి తిరిగి, మళ్ళీ పిలిచేదాకా అలాగే కూర్చుంటుంది. ఎందుకని అడగదు.

అలివేణికి తొమ్మిదేళ్ళు. నోటితో అనే మాటలు పదో పన్నెండో ఉంటాయి. వాటిలో ఒకటి ‘బుం’. తన రోబో లోపల తిరిగే మోటారు చప్పుడు అది. తను అలా పిలుస్తుందని మేమూ దాన్ని బుం అనే అంటున్నాం. రెండేళ్ళ కిందట ఈ పిల్ల గది మూలనించి కదిలేది కాదు. వాళ్ళమ్మ కొర్లమ్మ వలలు అల్లుతుంది. వాళ్ళ పెద్దలు సముద్రంలో చేపలకి వేసినట్టే వీళ్ళు కొండ అంచున మంచుకి వల వేస్తారు. వలకి పట్టిన నీళ్ళే మేం తాగేది. ఆ వలతాడు ముక్క ఒకటి బుం చేతికిచ్చి ముడులు వేయించాను. ఒక ముడి, రెండు ముడులు, మూడు. మూడో నాటికి అలివేణి మూలనించి లేచి వచ్చి నాలుగో ముడి తను వేసింది. లెక్కలు అలా మొదలయ్యాయి. చేతులు రెండూ గాలిలో ఆడిస్తూ, గొంతులో ఏదో పాట లాంటిది తీస్తూ, ముడులు లెక్కపెట్టేది.

నిన్న ఒక్కరోజే ముప్పై ఒక్కసార్లు చాలు నొక్కింది. అలా ఆగుతూ పోతే రోజుకి పాఠం నడిచేది ఇరవై నిమిషాలే.

మంచు కాలం మధ్యలో పరీక్ష. అరవై దాటిన పిల్లలు ఐదో మెట్టు మీది బడికి వెళ్తారు, ఇంట్లోనే ఉంటారు. దాటని పిల్లల్ని పదేళ్ళు నిండగానే లోపలి పట్నంలో వసతి కేంద్రానికి పంపేస్తారు. తల్లి మూణ్ణెల్లకోసారి వెళ్ళి చూడొచ్చు. నిరుడు నా దగ్గర చదివిన గుణవతిని అలాగే పంపారు. రోప్‌వే ఎక్కించేటప్పుడు ఆ పిల్ల నా చీర కొంగు వదల్లేదు. నేనే వేళ్ళు విడదీశాను.

అలివేణికి ఇప్పుడు ముప్పై ఎనిమిది మార్కులు.

అందుకే ఈ రోజు పాఠానికి ముందు బుం వీపు మూత తెరిచి, చాలు మీటకి ఆగొద్దని మార్చాను. నొక్కితే లెక్క రాసుకుంటుంది. పాఠం మాత్రం నడుస్తూనే ఉంటుంది.

“కారణం చెప్పండి,” అంది బుం. ఏ మార్పు చేసినా అడగడం దాని నియమం.

“పరీక్ష అయ్యేదాకా.”

“పిల్లకి చెప్పారా?”

మూత బిగించాను.

అలివేణి నలభై నాలుగు సార్లు నొక్కింది. మొదట వేలితో, తర్వాత అరచేత్తో, ఆఖరికి రెండు చేతులతో. బుం తొమ్మిదో ముడి, పదో ముడి అంటూనే ఉంది. అలివేణి దాని మొహం చూసింది. వంగి దాని కింద చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను రికార్డు పుస్తకంలోకి తల దించుకున్నాను.


20వ రోజు

పొద్దున గుడ్డ కనిపించలేదు. వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్తే అలివేణి బుంని ఎత్తుకొచ్చి ఎండలో కూర్చోబెట్టి, నా గుడ్డతో దాని మెడ తుడుస్తోంది. మెడ అయ్యాక మోచేతులు. అచ్చం నేను చేసే పద్ధతిలోనే. తర్వాత నీలం మీట చుట్టూ చాలాసేపు తుడిచింది. తేమ పట్టి పాడైపోయిందనుకుంది.

ఆరాక నొక్కి చూసింది. బుం “పదకొండో ముడి వేద్దామా?” అంది.

నేను తలుపు చాటునే నిలబడ్డాను. ఇంకా ముప్పై రోజులే కదా అనుకున్నాను.


31వ రోజు

యాభై రెండు మార్కులు. కేంద్రం అధికారి దమయంతి గారు వచ్చి పాఠం అంతా చూశారు. అలివేణి గంటసేపు కదలకుండా కూర్చుని ఇరవై మూడు దాకా లెక్కపెట్టింది.

“ఏం మంత్రం వేశారు రత్నం?”

“ఓపికండీ,” అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో!

వారానికొకసారి బుం అడుగుతుంది, “పాత పద్ధతికి మార్చమంటారా?” అని. ఈ రోజు రెండోసారి అడిగింది. రెండోసారీ వద్దన్నాను. ఈ రోజు అలివేణి నొక్కింది ఐదుసార్లే. దమయంతి గారు ఇది మిగతా ఐదు మెట్లకీ చూపించాలన్నారు. నా పేరు పైకి రాస్తారట. ఇక్కడ అబద్ధం రాయను. సంతోషం వేసింది. ఆ సంతోషంలో అలివేణిని ఇంట్లో ఉంచాలన్న ఆలోచన ఎంతో, నా పేరు ఎంతో విడదీసి చూసుకునే ధైర్యం లేకపోయింది.

సాయంత్రం కొర్లమ్మ పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చింది.

“ఇంటికాడ కూడా సప్పుడు సేయకుండా కూకుంటోంది టీచరమ్మా. సేతులు ఆడించడం మానీసినాది. పాటా మానీసినాది. మంచిదే కాదేటి?”

“మంచిదే,” అన్నాను.


40వ రోజు

ఈ రోజు అలివేణి చాలు అసలు నొక్కలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెప్పింది చేసింది. దాహం వేసినట్టు పెదవులు తడుపుకుంటోంది, నీళ్ళ చెంబు పక్కనే ఉంది, ‘సాయం’ కూడా నొక్కలేదు.

ఇచ్చాను, తాగింది. మొత్తం చెంబు ఖాళీ చేసింది.


48వ రోజు

అరవై ఏడు!

పరీక్ష పెట్టడానికి పై నుంచి వచ్చిన ముగ్గురు అధికారులూ చప్పట్లు కొట్టారు. కొర్లమ్మ నా చేతులు కళ్ళకద్దుకుంది. నాకు చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది, కానీ లాక్కోలేదు.

ఐదో మెట్టు బడికి రాతి మెట్లెక్కి వెళ్ళాలి, అక్కడ బూట్లు ఉండాలి. కేంద్రం తరఫున కొత్త జత ఇచ్చారు. అందరి ముందూ నేనే మోకాళ్ళ మీద కూర్చుని తొడిగాను. కుడి కాలు కొంచెం గట్టిగా నెట్టాల్సి వచ్చింది.

“సరిపోయాయా అలివేణీ?”

ఏమీ అనలేదు. సరిపోయాయని లేసులు బిగించి కట్టాను.


49వ రోజు

పరీక్ష అయిపోయింది కాబట్టి బుంని పాత పద్ధతికి మార్చేశాను. మీట మళ్ళీ పనిచేస్తోంది. నొక్కడానికి అలివేణి ఇక్కడ లేదు. ఐదో మెట్టు బడిలో రోబోలు లేవు.


58వ రోజు

మధ్యాహ్నం ఐదో మెట్టు బడి నుంచి కబురొచ్చింది. అలివేణి తరగతిలో పడిపోయింది, ఒళ్ళు కాలిపోతోందని. నేను వెళ్ళేసరికి ఆస్పత్రిలో బూటు విప్పుతున్నారు. మేజోడు చర్మానికి అతుక్కుపోయింది. నీళ్ళు పోసి నానబెట్టి తీశారు. కుడి పాదం చిటికెన వేలు నల్లబడి, పక్కన చీము. బూటు ఒక సైజు చిన్నది. లోపల కుట్టు అంచు రోజూ అక్కడే కోసింది. ఈ తేమకి అది పుండు పడి లోపలికి పాకింది.

డాక్టరు కొర్లమ్మని అడిగాడు. “పది రోజుల నుంచీ ఈ కాలితో రెండొందల మెట్లు ఎక్కి దిగుతోంది. ఒక్కసారైనా కుంటలేదా? ఏడవలేదా?”

“నేదు బాబూ. నాను తెల్లారకముందే వలలకాడికి ఎల్లిపోతాను. బూట్లు అదే ఏసుకుంటాది, అదే ఇప్పుకుంటాది. టీచరమ్మ నేర్పినారు. మేజోళ్ళతోనే తొంగుంటాది.”

డాక్టరు తల ఆడించి లోపలికి వెళ్ళాడు.


60వ రోజు

వేలు తీసేశారు.

దమయంతి గారు నివేదిక రాసుకొచ్చారు. ‘తల్లి నిర్లక్ష్యం వల్ల’ అని ఉంది. పిల్లని రోజూ చూసిన టీచరుగా కింద నా సంతకం కావాలన్నారు. “బడికీ కేంద్రానికీ మాట రాకూడదు కదా. ఆవిడకేం శిక్ష పడదు, హెచ్చరిస్తారు, అంతే.”

సంతకం పెట్టాను. రెండు అక్షరాలు, రత్నం. పెట్టాక కలం మూత కూడా పెట్టి ఆవిడకి మర్యాదగా అందించాను.


62వ రోజు

ఆస్పత్రికి వెళ్ళాను. అలివేణి పడుకుని పైకప్పు చూస్తోంది. నర్సు కట్టు మార్చడానికి వచ్చింది. పాత కట్టు లాగుతుంటే పిల్ల ఒళ్ళంతా బిగదీసుకుంది, కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. చిన్న శబ్దం లేదు. కాలు వెనక్కి లాక్కోలేదు. “ఎంత బుద్ధిమంతురాలో!” అంది నర్సు.

కొర్లమ్మ నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది.

“ఇదివరకు ముల్లు గుచ్చుకున్నా నా సెయ్యి అట్టుకుని లాక్కెల్లి సూపించీది టీచరమ్మా. నీల్లు వేడెక్కువైతే సెంబు ఇసిరికొట్టీది. ఇప్పుడు నాకెందుకు సెప్పనేదు? నా మీద కోపమేటి? పొద్దస్తమానం ఒదిలీసి ఎల్లిపోతన్నానని...” కొంగు నోట్లో కుక్కుకుంది.

నాకు జవాబు తెలుసు. “కోపం కాదులే కొర్లమ్మా,” అన్నాను. అంతవరకే అన్నాను. ఆమె భుజం మీద చెయ్యి కూడా వేశాను. ఇన్ని చేశాను గానీ ఆ చెయ్యి వేసినందుకు పడ్డంత సిగ్గు దేనికీ పడలేదు.

కేంద్రానికి తిరిగొచ్చి బుం వీపు మూత తెరిచాను.

“ఆగకుండా నడిపిన రోజుల్లో అలివేణి చాలు ఎన్నిసార్లు నొక్కింది?”

“రెండు వందల పద్నాలుగు. ఆఖరిది ముప్పై తొమ్మిదో రోజు.”

“ఆ లెక్క తుడిచెయ్యొచ్చా?”

“తుడవొచ్చు. కారణం చెప్పండి.”

అది నన్ను నిలదీయలేదు. దానికి తెలిసినదంతా ఆ ప్రశ్న అడగడమే. ఏదో ఒకటి చెప్తే రాసుకుని తుడిచేస్తుంది. నేను నోరు తెరిచాను. పరీక్ష అన్నాను అప్పుడు. ఇప్పుడేం అనాలి? మూత పెట్టేశాను.


63వ రోజు

కొర్లమ్మకి చెప్పాను. ఆస్పత్రి వరండాలో, బుంని పక్కన పెట్టుకుని. ముందు మీట సంగతి, తర్వాత పెరట్లో గుడ్డ సంగతి, బూటు తొడిగిన సంగతి, ఆఖరున సంతకం. సంతకం సంగతి చెప్పేటప్పుడు నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

కొర్లమ్మ అంతా వింది. బుం ముందు గొంతుక్కూర్చుని నీలం మీట నొక్కింది. బుం దీపాలు తగ్గించుకుని పక్కకి తిరిగింది.

“ఇలగ ఆగాల?”

“ఆగాలి.”

“ఆగనేదు.”

“లేదు. నేనే ఆగనివ్వలేదు.”

మీట మీంచి వేలు తీసింది. తర్వాత నన్ను మొదటిసారి నువ్వు అంది.

“అది నాకు సెప్పనేదని మూడు రోజులు కుల్లి కుల్లి ఏడిసినాను. నువ్వు పక్కనే కూకున్నావు. నీకు తెలుసు.”

“తెలుసు.”

“ఎందుకు సేసినావు?”

“వసతి కేంద్రానికి పంపేస్తారని. నీ దగ్గరే ఉండాలని...” అన్నాను. ఆమె చూపు చూసి, “నా పేరు కోసం కూడా,” అన్నాను.

అధికారులకి చెప్పాలని ఉందనీ, చెప్తే అరవై ఏడు కొట్టేస్తారనీ, పిల్లని పంపే ప్రమాదం మళ్ళీ వస్తుందనీ చెప్పాను. “నువ్వు వద్దంటే...” అని ఆగిపోయాను. ఆమె వద్దంటే బాగుండునని ఎక్కడో నాలో ఉంది.

“నా మీద యేసీసినావు, ఇప్పుడు ఇది కూడా నామీదే యేస్తావేటి?” అంది కొర్లమ్మ. లేచి నిలబడింది. “ఎల్లి సెప్పు. అంపుతారో అంపరో నాను సూసుకుంటాను. నా పిల్ల సాలంటే ఇననిసోట అరవై ఒస్తే ఏటి, వంద ఒస్తే ఏటి!”


67వ రోజు

చెప్పాను. కొర్లమ్మ కూడా ఉండగా బుం లెక్క అధికారుల ముందు పెట్టాను.

“ఎవరూ అడగలేదు కదా రత్నం,” అన్నారు దమయంతి గారు మెల్లగా. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఇది ఎక్కడిదాకా పోతుందోనని భయపడ్డారు. నేనూ భయపడే సంతకం పెట్టాను కాబట్టి ఆవిడనేం అనను.

నివేదికలోంచి తల్లి పేరు తీసేశారు. మార్కులు కొట్టేశారు. తప్పు పిల్లది కాదు కాబట్టి వచ్చే మంచు కాలందాకా గడువిచ్చారు. అప్పటిదాకా అలివేణి ఇంట్లోనే ఉంటుంది. నన్ను పాఠాల నుంచి తప్పించారు. రోబోలు తుడిచే పని మాత్రం ఉంచారు, దానికి వేరే మనిషి లేదు.

అప్పుడు కొర్లమ్మ లేచింది. నలుగురిలో మాట్లాడటం ఆమెకి అలవాటు లేదు, కుర్చీ అంచు పట్టుకుని నిలబడింది.

“ఈవిడ రోజూ గంటసేపు మా ఇంటికి రావాల. ఆ బొమ్మని తేవాల. ఏటీ నేర్పకూడదు. ఊరికే కూకోవాల. నా పిల్ల మల్లీ ఎప్పుడు సాలంటాదో అప్పటిదాకా రావాల. పాడు సేసింది ఈవిడే గదా!”

ఎవరూ కాదనలేదు.


81వ రోజు

పదమూడు రోజులుగా వెళ్తున్నాను. వాళ్ళ ఇల్లు ఒక్క గది, గోడలనిండా వలలు. అలివేణి కట్టు విప్పేశారు. కొంచెం ఒక పక్కకి వంగి నడుస్తోంది. నేను చాప మీద కూర్చుంటాను. బుం నా పక్కన. అలివేణి ఏది ఇస్తే అది తింటుంది, ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటుంది. మీట వైపు కన్నెత్తి చూడదు.

ఈ రోజు ఒక ఆలోచన వచ్చింది. బుం దీపాలు బాగా పెంచితే, గొంతు పెద్దది చేస్తే, ఓర్చుకోలేక నొక్కుతుందేమో, వెంటనే ఆగి చూపించొచ్చు కదా అని. మూత మీదికి చెయ్యి వెళ్ళింది కూడా.

కొర్లమ్మ వల అల్లుతూనే చూసింది. “ఏటి సేస్తన్నావు?”

చెప్పాను. ఇప్పుడు ఆమె ఏది అడిగినా చెప్పేస్తున్నాను.

“పిల్లని మల్లీ ఏడిపించి నేర్పుతావేటి?” అంది.

చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. గంట అయ్యేదాకా తల ఎత్తలేదు.


97వ రోజు

ఈ మధ్య ఒకటి జరుగుతోంది. అలివేణి వాళ్ళమ్మ పక్కన చేరి తాడు ఉండ చుడుతోంది. ఎవరూ చెప్పలేదు. నాలుగు రోజుల కిందట గొంతులో ఆ సన్నటి పాట ఒక నిమిషం వినపడింది. కొర్లమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, చూసుకుంటే ఆగిపోతుందని.

ఈ రోజు ఉండ చేతిలోంచి జారి నా దగ్గరికి దొర్లుకొచ్చింది. తీసిచ్చాను. మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. వదులుగా చుడుతోంది. నా చెయ్యి ఊరుకోలేదు.

“అలా కాదు అలివేణీ, ఇలా బిగించి...” అంటూ ఉండ అందుకున్నాను.

అలివేణి ఉండని చూసింది. నా చేతిని చూసింది. ఉండ లాగేసుకుంది. పక్కన పెట్టి, లేచి, నా మణికట్టు పట్టుకుంది. గట్టి పట్టు, వల అల్లేవాళ్ళ పట్టు. లాగింది. లేచాను. గుమ్మం దాకా నడిపించి, వీపు మీద రెండు చేతులూ పెట్టి బయటికి తోసింది. లోపలికి వెళ్ళి నా చెప్పులు తెచ్చి ఒకదాని తర్వాత ఒకటి బయట పడేసింది. తలుపు వేసేసింది. లోపల గడియ పడింది.

వేళ్ళ గుర్తులు మణికట్టు మీద ఎర్రగా ఉన్నాయి. లోపల బుం “అలివేణీ?” అనడం, అలివేణి పెద్దగా ఏదో అరవడం, ఆ అరుపుకి బుం చప్పున మాట ఆపెయ్యడం వినపడ్డాయి.

కిటికీ రెక్క తెరుచుకుంది. కొర్లమ్మ మొహం. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

“మీట నొక్కనేదు మరి. ఇది లెక్కలోకి వొస్తాదా టీచరమ్మా?”

మళ్ళీ టీచరమ్మా అంది. అలవాటున వచ్చి ఉంటుంది.

“వస్తుంది,” అన్నాను.

“అయితే రేపట్నించి రాకు. బొమ్మ ఇక్కడే ఉండనీ. నా పిల్ల నిన్ను పిలిస్తే కబురెడతాను.” కిటికీ వేసేసింది.

చెప్పులు తొడుక్కుని మెట్లు దిగాను.


108వ రోజు

కబురు రాలేదు. పొద్దున ఐదు రోబోలని తుడిచి ఎండలో పెట్టాను. కొర్లమ్మ వాళ్ళుండే వలల వీధి మీదుగా వెళ్తే కేంద్రానికి దగ్గర దారి, వాళ్ళ కిటికీ కూడా కనిపిస్తుంది. చుట్టు దారిలోనే వచ్చాను.